రొయ్యల చెరువుల యాప్: కోట్లిన్‌లోనా, ఫ్లటర్‌లోనా?

భీమవరం_కుర్రోడు:
అందరికీ నమస్కారం. వనామి రొయ్యల రైతుల కోసం యాప్ చేయిస్తున్నాం. రోజూ వేసిన మేత, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) వివరాలు రాసుకోవాలి, డీఓ మీటర్ (నీటిలో ఆక్సిజన్ కొలిచేది) రీడింగు బ్లూటూత్‌లో ఫోన్‌లోకి రావాలి, గట్టు మీద సిగ్నల్ ఉండదు కాబట్టి నెట్ లేకపోయినా పనిచేయాలి. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే అలారం మోగాలి. రైతులవన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే, సరుకు కొనే కంపెనీల వాళ్లకి మాత్రం ఐఫోన్లు. ఒక టీమ్ ఆండ్రాయిడ్‌కి కోట్లిన్‌లో, ఐఫోన్‌కి స్విఫ్ట్‌లో విడివిడిగా రాస్తామంటోంది. ఇంకో టీమ్ రెంటికీ ఒకే కోడ్ సరిపోయే ఫ్లటర్‌లో ఒకేసారి చేస్తామని దాదాపు సగం ధర చెప్పింది. ఏది నయం?

పాత_జావా:
నేటివ్, అంటే ఏ ఫోన్‌కి ఆ ఫోన్ భాషలో రాయడమే. ఆలోచించే పనే లేదు. 2012లో ఫేస్‌బుక్ తన యాప్‌ని హెచ్‌టీఎంఎల్5 (వెబ్ పేజీల భాష) నుంచి తీసేసి నేటివ్‌గా మళ్లీ రాసుకుంది, దాన్ని అంతగా నమ్ముకోవడం తమ పెద్ద తప్పని జుకర్‌బర్గే ఆ ఏడాది ఒప్పుకున్నాడు. ఎయిర్‌బీఎన్‌బీ 2016లో ఫ్లటర్ లాగే రెండు ఫోన్లకీ కలిపి రాసే రియాక్ట్ నేటివ్ పట్టుకుని 2018లో వదిలేస్తున్నామని ప్రకటించింది. అంత డబ్బు, అంతమంది మనుషులు ఉన్నవాళ్లకే కుదరలేదు.

డార్ట్_మాస్టారు:
ఆ 2012 గొడవ ఇక్కడికెందుకండీ? అది వెబ్‌వ్యూ, యాప్ లోపల వెబ్ పేజీ చూపించడం. ఫ్లటర్ రిలీజ్ బిల్డ్‌లో డార్ట్ (ఫ్లటర్ వాడే భాష) కోడ్ నేరుగా మెషిన్ కోడ్ అవుతుంది, బటన్లూ అక్షరాలూ అన్నీ తనే గీసుకుంటుంది. గూగుల్ పే కూడా ఫ్లటర్‌లోకి మారింది. ఇక ఎయిర్‌బీఎన్‌బీ ఎందుకు వదిలిందో వాళ్ల ఇంజనీర్లే రాశారు, అప్పటికే ఉన్న రెండు నేటివ్ యాప్‌ల మధ్యలో దీన్ని తగిలించడంతో రెండు చూసుకోవాల్సిన చోట మూడు చూసుకోవాల్సి వచ్చింది. ఈ తమ్ముడికి పాత యాప్ ఏదీ లేదు.

పాత_జావా:
అవన్నీ సరే. మొదటిసారి స్క్రోల్ చేసినప్పుడు స్క్రీన్ తడబడుతుందా లేదా?

డార్ట్_మాస్టారు:
షేడర్లు (స్క్రీన్ మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు కంపైల్ అవడం వల్ల వచ్చేదది. ఫ్లటర్‌లో బొమ్మ గీసే కొత్త ఇంజిన్ ఇంపెల్లర్ వచ్చాక ఐఫోన్‌లలో ఆ బాధ పోయింది, కొత్త ఆండ్రాయిడ్‌లలోనూ ఇప్పుడు అదే వాడుతోంది.

పాత_జావా:
కొత్త వాటిలో. రైతు చేతిలో ఉన్నది కొత్తదా? వల్కన్ (కొత్త గ్రాఫిక్స్ పద్ధతి) సరిగ్గా లేని ఫోన్లలో ఫ్లటర్ మళ్లీ పాత ఓపెన్‌జీఎల్‌కే వెళ్తుంది. ఆ ఫోన్లే గట్టు మీద ఉండేది.

సిరి_టెస్టింగ్:
మేత లెక్క రాసే స్క్రీన్‌లో స్క్రోల్ చేసేదెంత? ఎండలో అంకెలు కనిపిస్తున్నాయా, తడి చేత్తో నొక్కితే బటన్ పడుతోందా, అవి చూడండి ముందు.

పాత_జావా:
అలారం సంగతి? తెల్లారుజామున ఆక్సిజన్ అసలే తక్కువగా ఉంటుంది, ఆ టైంలో ఏరియేటర్ ఆగితే రొయ్యలు తేలిపోతాయి, పంటంతా పోతుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో నిలబడే సర్వీస్ కోట్లిన్‌లోనే రాయాలి.

డార్ట్_మాస్టారు:
ఆ ముక్క వరకు ఫ్లటర్‌లో ఉంటూనే కోట్లిన్‌లో రాసుకోవచ్చు, రెంటినీ కలిపే ప్లాట్‌ఫామ్ ఛానల్స్ ఉన్నది అందుకే. పైగా బ్యాటరీ ఆదా పేరుతో సర్వీసులు ఆపేసే ఫోన్లు కోట్లిన్‌లో రాసినా ఆపేస్తాయి.

గట్టు_మీద:
మేం స్టార్టర్ దగ్గర సిమ్ వేసిన పెట్టె పెట్టుకున్నాం. కరెంటు పోతే అదే కాల్ చేస్తుంది. నిద్రలో ఉన్నవాడు నోటిఫికేషన్‌కి లేవడండీ. అలారాన్ని యాప్ మీద వదలొద్దు.

డార్ట్_మాస్టారు:
చూశారా, అసలు అవసరం అది. అయినా పాత_జావా గారికి రెండు టీమ్‌లు ఉంటేనే ఇష్టం, ఆయన జీతం అందులోంచే వస్తుంది మరి.

పాత_జావా:
జీతం మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. నేను పనిచేసిన చోట బయటి టీమ్ కార్డోవాలో (వెబ్ పేజీని యాప్‌గా చుట్టేది) చేసి ఇచ్చిన యాప్ నా నెత్తిన పడేశారు. చేసినవాళ్లు ఫోన్ ఎత్తరు. ఒక ప్లగిన్ (యాప్‌కి తగిలించే బయటి కోడ్ ముక్క) రాసినాయన దాన్ని వదిలేశాడు. ప్లే స్టోర్ ఏటా టార్గెట్ ఏపీఐ (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి రాసిందో చెప్పే అంకె) పెంచమంటుంది, పెంచితే ఆ ప్లగిన్ కంపైల్ అవదు, పెంచకపోతే అప్‌డేట్ తీసుకోరు. మీటింగ్‌లో తిట్లు మాత్రం నాకు. ఈయన డీఓ మీటర్ కూడా ఎవరో రాసిన బ్లూటూత్ ప్లగిన్ మీదే నడుస్తుంది కదా? అది ఆగిన రోజు ఎవరు చూస్తారు?

డార్ట్_మాస్టారు:
మరి మా బాధ వినండి. యాప్ అప్పగించాక మెయింటెనెన్స్‌కి రూపాయి ఇవ్వరు, కొత్త ఆండ్రాయిడ్ రాగానే అర్ధరాత్రి ఫోన్ చేసి యాప్ తెరుచుకోవట్లేదంటారు. ఫోన్ ఎత్తనివాళ్లలో నేనూ ఉన్నాను, ఎందుకెత్తాలి? కోట్లిన్‌లో రాసినా ఏటా ఆ పని తప్పదు, స్విఫ్ట్ కూడా ఉంటే ఇద్దరికి డబ్బు కట్టాలి. అది ఎవరు కడతారు?

పాత_జావా:
నేనూ అదే అడుగుతున్నా. సగం ధరలో రెండో ఏడాది ఉందా?

భీమవరం_కుర్రోడు:
ఇద్దరి కొటేషన్లలోనూ అది లేదు అన్నా. ప్లే స్టోర్ ఖాతా కూడా ఫ్లటర్ టీమ్ తమ పేరు మీదే పెడతామంది.

డార్ట్_మాస్టారు:
వద్దు తమ్ముడూ, ఖాతా మీ పేరు మీదే తెరవండి, 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. కోడ్ కూడా మీ రిపాజిటరీలోనే (కోడ్ దాచే చోటు) ఉండాలి. నేను ఫ్లటర్ మనిషినే అయినా ఇది చెబుతున్నా.

పాత_జావా:
ఇక్కడ మాత్రం ఆయన మాటే నాదీ. కానీ ఐఫోన్ యాప్ ఎందుకసలు? కొనేవాళ్లు రేటూ కౌంటూ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసుకోవడానికి వెబ్ పేజీ సరిపోతుంది. స్విఫ్ట్ తీసేసి కోట్లిన్ ఒక్కదానికే ధర అడుగు, ఆ సగం తేడా ఎంత మిగులుతుందో చూడు.

డార్ట్_మాస్టారు:
రేపు రైతు కొడుకు ఐఫోన్ కొంటే?

పాత_జావా:
కొన్నప్పుడు చూద్దాం. ఇప్పుడు చెరువు దగ్గర ఉన్న ఫోన్‌కి రాయండి.