కుక్కవామింట, చిత్రమూలం, తెల్లజుమికి: ఇవి పురుగుల్ని తింటాయా, చంపి ఊరుకుంటాయా?

బీడునేల (అనంతపురం)

కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలల్లో, వానలు పడ్డాక బీళ్లలోనూ చేని గట్ల మీదా విరివిగా మొలిచే మొక్కల గురించి అడుగుతున్నాను. కుక్కవామింట కాండమంతా జిగురు నూగు. లేత కాయల మీద నుసుములు, రెక్కల పేనుబంక అంటుకుని చచ్చి ఉంటాయి. చిత్రమూలం పూల అడుగున ఉండే పచ్చ గొట్టానికి చీమలు అతుక్కుంటాయి. తెల్లజుమికి తీగలో మొగ్గను, కాయను చుట్టిన వలలాంటి పోగుల్లోనూ ఇదే సంగతి. డ్రోసెరా, నెపెంథిస్ లాంటివి పురుగుల్ని అరిగించుకుంటాయని బడి పుస్తకాల్లోనే ఉంది. టమాటా, బంగాళాదుంప కూడా ఆ కోవలోకే రావచ్చని 2009లో లండన్‌లోని క్యూ వృక్షోద్యానం శాస్త్రవేత్తలు అన్నట్టు పత్రికల్లో వచ్చింది. మరి మన కలుపు మొక్కల మాటేమిటి? ఇంట్లో పరీక్షించే దారి ఏదైనా ఉందా?

గట్టుమొక్క (కడప)

ముందు ఒక హద్దు గీసుకుందాం. జిగురు ఉండటం ఒకటి, పురుగు చావటం ఒకటి, ఆ పురుగులోని నత్రజని మొక్క ఒంట్లోకి చేరటం ఇంకొకటి. మొదటి రెండూ వేలాది మొక్కల్లో కనిపిస్తాయి. మూడోది రుజువైతేనే కీటకాహారి అనాలి. చచ్చిన పురుగును అరిగించే ఎంజైమ్ మొక్కదే కావాలి, లేదా కనీసం ఆ అరిగినది ఆకు గానీ కాండం గానీ పీల్చుకోవాలి. దానివల్ల మొక్కకు పెరుగుదలలోనో విత్తనంలోనో లాభం కనిపించాలి. 2009 నాటి మాటలో టమాటా గురించి చెప్పింది కూడా ఇంతే: నూగుకు చిక్కి చచ్చిన పురుగులు నేల మీద రాలి కుళ్లితే ఆ ఎరువు వేరుకు అందవచ్చని. ఆకు తిన్నదని కాదు.

మీరు చెప్పిన మూడింటిలో ఎక్కువ ఆధారం ఉన్నది తెల్లజుమికికే. దాని శాస్త్రీయ నామం పాసిఫ్లోరా ఫీటిడా. దాని మీద మన దేశ శాస్త్రవేత్తలే 1995లో పరిశోధన ప్రచురించారు. ఆ పోగుల కొసన ఉండే గ్రంథుల్లో ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైమ్‌లు దొరికాయి. కాపలా, ఆహారం రెండూ ఆ పోగుల పనేనని వాళ్ల వాదన. నా లెక్కలో కాపలాయే ముందు. పోగులు కమ్మేది మొగ్గనూ కాయనూ మాత్రమే, అంటే గొంగళి పురుగు ఎక్కువగా పాడుచేసే చోటునే. ఆహారం కోసమే అయితే ఆకుల నిండా ఉండాల్సింది.

చిత్రమూలం విషయం ఆసక్తికరం. దాని కుటుంబమూ డ్రోసెరా కుటుంబమూ దగ్గరి చుట్టాలు, రెండూ కారియోఫిల్లేల్స్ అనే ఒకే క్రమంలో ఉంటాయి. దీని వేరుకు మంట పుట్టించే ప్లంబాజిన్ డ్రోసెరాలోనూ, నెపెంథిస్‌లోనూ ఉంది. కాడలున్న ఆ గ్రంథులు చూడటానికీ డ్రోసెరాను గుర్తుచేస్తాయి. అయినా చుట్టరికం రుజువు కాదు. ఆ జిగురుకు తెలిసిన పనులు రెండున్నాయి: కాండం మీదుగా పాకి వచ్చి తేనె దొంగిలించే చీమల్ని ఆపటం, కాయ ఎండాక మేక బొచ్చుకు అంటుకుని దూరం పోవటం. మూడో పని ఉందో లేదో పరీక్షే చెప్పాలి.

కుక్కవామింట మీద నాకు నమ్మకం తక్కువ. కారణం నేల. కీటకాహారం లాభించేది ఎండా నీళ్లూ పుష్కలంగా ఉండి, పోషకం ఒక్కటే కొరవడిన చోట. 1984లో గివ్నిష్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఈ లెక్క ఇప్పటికీ నిలిచే ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూఇటూ వాన పడే అనంతపురంలో మొక్కకు ముందు కరువు నీళ్లే. పొడి నేలలో బతికే డ్రోసోఫిల్లమ్ అనే కీటకాహారి మొక్క స్పెయిన్, పోర్చుగల్, మొరాకోల్లో ఉంది కాబట్టి అసాధ్యమని మాత్రం అనను.

ఎక్స్‌రే ఫిల్మ్ (కర్నూలు)

ఎంజైమ్ ఉందో లేదో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. రసాయనాల్లో కడిగిన పాత రకం ఎక్స్‌రే ఫిల్మ్ సంపాదించండి. ఇప్పుడు ప్రింటర్‌లో తీసి ఇస్తున్నవి చాలావరకు ఈ పనికి రావు, వాటి మీద జెలటిన్ పూత ఉండదు. పాత ఫిల్మ్ నల్లదనమంతా జెలటిన్‌లో చిక్కుకున్న వెండి. జెలటిన్ ప్రోటీన్ కాబట్టి ఎంజైమ్ తగిలిన చోట అది కరిగి నలుపు రాలిపోతుంది, అడుగున నీలం ఫిల్మ్ బయటపడుతుంది.

బాగా నల్లగా ఉన్న చోట నుంచి 2 × 3 సెంటీమీటర్ల ముక్కలు కోయండి. పూత సాధారణంగా రెండు వైపులా ఉంటుంది. వెనక వైపుది తడిపి బ్లేడుతో గీకేయాలి, లేకపోతే ముందు వైపు కరిగినా నల్లగానే కనిపించి "ఏమీ లేదు" అని తేల్చేస్తారు. మూతున్న డబ్బాలో తడి దూది పరిచి, దాని మీద గాజు పలక, ఆ పైన ఫిల్మ్. ఒక ముక్క మీద ఉత్త నీళ్ల చుక్క. ఒకదాని మీద పచ్చి బొప్పాయి పాలు, పదింతలు నీళ్లు కలిపి. ఇక్కడ నలుపు పోకపోతే ఫిల్మే పనికిరానిదని అర్థం. ఒకదాని మీద తెల్లజుమికి పోగులు, గ్రంథులు ఫిల్మ్‌కు ఆనేలా. ఇంకోదాని మీద పది నిమిషాలు ఉడికించిన అవే పోగులు. చివరిదాని మీద అదే తీగలో జిగురు లేని భాగం.

పోగుల్ని నలపకండి. ఏ ఆకును నలిపినా కణాల లోపలి ఎంజైమ్‌లు బయటికొస్తాయి, అప్పుడు తోటకూర కూడా కీటకాహారిలా కనిపిస్తుంది. తెంచిన కొస ఫిల్మ్‌కు తగలకుండా పక్కకు పెట్టండి. 4 గంటలకు ఒకసారి, 8 గంటలకు ఒకసారి, 24 గంటలకు ఒకసారి వేరువేరు ముక్కలు తీసి, చల్లటి కుళాయి నీళ్ల కింద వేలితో మెల్లగా రుద్దండి. మొదటి 8 గంటల్లో మచ్చ పడితే దానికి విలువ ఎక్కువ. 24 గంటలకే పడితే ఆకు మీద పెరిగిన బాక్టీరియా పనీ కావచ్చు. ఎండాకాలంలో చేయొద్దు: మన గదుల వేడికి జెలటిన్ దానంతటదే మెత్తబడి ఊడిపోతుంది. నవంబరు నుంచి జనవరి మధ్య అనువు.

చిత్రమూలం పట్టుకునేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. వేరు రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

బీడునేల (అనంతపురం)

చాలా ఉపయోగం అన్నా. ఒక సందేహం: ఎంజైమ్ లేదని తేలి, పురుగులు అంటుకున్న మొక్కే బాగా కాస్తే అప్పుడు ఏమనుకోవాలి?

వంక ఇసుక (కర్నూలు)

చిక్కుముడి అక్కడే ఉంది. కాలిఫోర్నియాలో తార్‌వీడ్ అనే జిగురు మొక్క మీద చచ్చిన ఈగల్ని అంటించి చూశారు, ఆ ఫలితం 2013లో వచ్చింది. ఈగల కోసం వేటపురుగులు చేరాయి, అవే మొక్కను కొరికే పురుగుల్నీ తిన్నాయి, కాయలు పెరిగాయి. మొక్క అరిగించుకున్నది ఏమీ లేదు, కూలి ఇచ్చి కాపలా పెట్టుకుంది. కాబట్టి కాపు పెరిగినంత మాత్రాన ఆహారమని చెప్పలేం.

ఆ రెండింటినీ విడదీయాలంటే కుండీల్లో చేయండి. వంక ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి 6 అంగుళాల కుండీల్లో నింపి, కుక్కవామింట విత్తండి. కుండీకి ఒక్క మొక్కే ఉంచాలి. మూడు గుంపులు, గుంపుకు కనీసం 12 కుండీలు, అన్నీ దోమతెర లోపల. తెర ఉంటే వేటపురుగులు రావు, కాపలా లాభం లెక్కలోంచి పోతుంది. 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు పావు గ్రాము కలిపి, వారానికి ఒకసారి కుండీకి 100 మిల్లీలీటర్లు. అంతకు మించితే నత్రజని కొరత ఉండదు, తేడా కనపడదు.

మొదటి గుంపుకు పురుగులేమీ వద్దు. రెండో గుంపులో వారానికి రెండుసార్లు కాండం జిగురు మీద 5 పండు ఈగలు. మాగిన అరటిపండు సీసాలో పెడితే ఈగలు చేరతాయి, ఫ్రీజర్‌లో ఉంచితే చస్తాయి. మూడో గుంపుకు అన్నే ఈగలు, కానీ ఇసుక మీద. రెండో గుంపు మూడోదాన్ని మించితేనే కాండం పీల్చుకుందని అనుమానించవచ్చు. రెండూ సమానమైతే ఈగలు రాలి వేరుకు అందాయన్నమాట. అలా రాలకుండా మూడు గుంపుల్లోనూ ఇసుకను పాలిథిన్‌తో కప్పి కాండం చుట్టూ దూది కూరండి. మూడో గుంపులో ఈగల్ని ఆ పాలిథిన్ కింద వేయండి. నీళ్లు అడుగు పళ్లెంలో పోయాలి, పైనుంచి పోస్తే జిగురూ ఈగలూ కొట్టుకుపోతాయి. కుండీ స్టాండు కాళ్లను నీటి గిన్నెల్లో పెట్టకపోతే చీమలు ఈగల్ని ఎత్తుకుపోతాయి.

తెరలోకి తేనెటీగ రాదు కాబట్టి విత్తనాల లెక్క మీద ఆధారపడకండి. తొలి మొగ్గ కనిపించగానే మొక్కను వేరుతో సహా పీకి, కడిగి, ఆరబెట్టి బరువు తూయండి.

గట్టుమొక్క (కడప)

దీనికి చివరి రుజువు బరువైన నత్రజని, అంటే నత్రజని-15. మామూలు నత్రజని కన్నా బరువు ఎక్కువ కాబట్టి ఎక్కడికి చేరిందో గుర్తుపట్టవచ్చు. కెనడాలో ట్రయాంథా అనే మొక్కను ఇలాగే తేల్చి 2021లో ప్రకటించారు. నత్రజని-15 తినిపించి పెంచిన పండు ఈగల్ని పూల కాడ జిగురుకు అంటించారు, అది ఆకుల్లోకి చేరింది. ఆకు నత్రజనిలో 64 శాతం దాకా వేట నుంచే వచ్చిందని లెక్క తేలింది. అంతకుముందు చాలా ఏళ్లుగా తెలిసిన మొక్కే అది, ఎవరూ అనుమానించలేదు. అందుకే చిత్రమూలాన్ని వదలొద్దంటాను. ఈ కొలతకు పరమాణువుల బరువు తేడాను పట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం కావాలి, ఇంట్లో అయ్యేది కాదు. ఎక్స్‌రే ఫిల్మ్ మీద 8 గంటల్లోపు మచ్చ మళ్లీమళ్లీ పడితే ఆ ముక్కల్నీ, ఉడికించిన జతనూ తీసుకుని దగ్గరి విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగాన్ని కలవండి.

పోల్చి చూడటానికి డ్రోసెరా కావాలని శేషాచలం, నల్లమల అడవుల్లో తవ్వకండి, అది నేరం. నర్సరీల్లో కుండీ మొక్కలుగా అమ్ముతారు. వాటికి కుళాయి, బోరు నీళ్లు పోస్తే ఉప్పుకే చస్తాయి, వాననీళ్లో డిస్టిల్డ్ వాటరో పోయండి.