వార్డు మీటింగుకు ఆడోళ్లను రప్పించేదెట్లా?

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాల. మా వదిన కర్నూలు పాతబస్తీలో కార్పొరేటర్. అర్జీలు రాసేది, ఫోన్లు ఎత్తేది నేను. కొన్ని సందుల్లో ఉర్దూ, కొన్నిట్లో తెలుగు, ఒక మూల కన్నడం.

మీటింగ్ పెడితే మొగోళ్లే వస్తారు, రోడ్డు, లైటు అని చెప్పి పోతారు. నీళ్లు పట్టేది, మోరీ పొంగితే ఎత్తిపోసేది ఆడోళ్లు కదా! వాళ్లేమో మా వదినను కొళాయి కాడ ఆపి, బిందె చంకలో పెట్టుకోనే అన్నీ చెప్తారు. కాగితం మీద పెట్టమంటే "తెలుగు రాయనీకి రాదమ్మా" అంటారు. 2022లో ఉర్దూను రాష్ట్రానికి రెండో అధికార భాష చేసినారు గదా, ఉర్దూలో రాసిన అర్జీ వార్డు సచివాలయంలో తీసుకొని రసీదు ఇస్తారా? ఇచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

మధ్యాహ్నం వంటలయినాక షాదీఖానాలో పెడదామా, లేక సందుసందుకూ మేమే పోదామా?

ఇంకోటి. హంద్రీ ఒడ్డునుండే వాళ్లకు 2009 అక్టోబరు వరద భయం ఇంకా పోలేదు, మబ్బు పడితే మొదటి ఫోన్ వాళ్లదే. కబురు చెప్పనీకి మసీదు మైకు, గుడి మైకు రెండూ వాడుకుందామని నా ఆలోచన. కడప, అనంతపురంలో ఎవరైనా ఇట్లా చేసినారా? వాట్సాప్ గ్రూపు మాత్రం చెప్పొద్దు, దాంట్లో గుడ్‌మార్నింగులే.