కొత్త సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లని రింగ్‌లో తిప్పి ఎక్స్-రేలు పుట్టించే యంత్రం) కడితే ఎమిటెన్స్ (బీమ్ ఎంత వెడల్పుగా, చెదురుగా ఉందో చెప్పే కొలత, తక్కువైతే మేలు) ముఖ్యమా, బీమ్ నిలవడం ముఖ్యమా?

లాటిస్‌పిచ్చి:
ఇండోర్‌లో మన ఇండస్-2 చుట్టుకొలత 172.5 మీటర్లు, ఎనర్జీ 2.5 జీఈవీ, ఎమిటెన్స్ 58 నానోమీటర్-రేడియన్లు. అమెరికాలో ఆర్గాన్ ల్యాబ్ వాళ్ళు తమ సింక్రోట్రాన్ ఏపీఎస్ రింగ్‌ని తిరగకట్టి 42 పికోమీటర్లకు (పికో అంటే నానోలో వెయ్యో వంతు) దించారు. వెయ్యి రెట్లకు పైనే తేడా! మనం ఇంకో రింగ్ కడితే గురి అక్కడే పెట్టాలి. సెల్‌కి (రింగ్‌లో పదేపదే వచ్చే ఒక్కో భాగానికి) రెండు డైపోల్స్ (బీమ్‌ని వంచే మాగ్నెట్లు) బదులు ఏడు పెడితే సరి. డైపోల్స్ పెరిగే కొద్దీ ఎమిటెన్స్ ఘనం లెక్కన తగ్గుతుందని అందరికీ తెలిసిందే. ఇంకా వెనకాడటం దేనికి?

శనివారంషిఫ్ట్:
తమ్ముడూ, కాగితం మీద బాగానే ఉంటుంది. డిస్పర్షన్‌ని (ఎనర్జీ తేడాని బట్టి ఎలక్ట్రాన్ల దారి పక్కకు జరగడం) అణచాలంటే క్వాడ్రుపోల్స్ (బీమ్‌ని ఫోకస్ చేసే మాగ్నెట్లు) గట్టిగా పెట్టాలి. దాంతో క్రొమాటిసిటీ (ఎనర్జీని బట్టి ఫోకస్ మారిపోవడం) పెరుగుతుంది. దాన్ని సరిచేసే సెక్స్టుపోల్స్‌కి (ఇంకో రకం మాగ్నెట్లు) డిస్పర్షనే ఆధారం, అదేమో తగ్గించేశాం. కాబట్టి వాటి బలం ఇంకా పెంచాలి. డైనమిక్ అపర్చర్ (ఎలక్ట్రాన్ పక్కకు జరిగినా రింగ్‌లో నిలవగలిగే మేర) కరిగిపోయేది అక్కడే.

స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఒక లాటిస్ (రింగ్‌లో మాగ్నెట్ల అమరిక) చేసి తెగ మురిసిపోయాను. ట్రాకింగ్‌లో, అంటే కంప్యూటర్ లెక్కలో, ఎలక్ట్రాన్ వెయ్యి చుట్లు హాయిగా తిరిగింది. మా గైడ్ చూసి, "మాగ్నెట్లని ఓ 50 మైక్రాన్లు అటూ ఇటూ జరిపి చూడు" అన్నారు. జరిపాను. సగం సీడ్స్‌లో (ఎర్రర్లని ఒక్కోసారి ఒక్కోలా వేసి చేసిన లెక్కలు) పది చుట్లు కూడా తిరగలేదు. పక్కకు జరిగిన సెక్స్టుపోల్ బీమ్‌కి క్వాడ్రుపోల్‌లా పనిచేస్తుంది, ట్యూన్ (ఒక చుట్టులో బీమ్ ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య) కదులుతుంది. అది పూర్ణాంకానికో అరకో తగిలిందంటే బీమ్ పోయి గోడకే. ఆ రాత్రి భోజనం కూడా సహించలేదు.

లాటిస్‌పిచ్చి:
ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ సింక్రోట్రాన్ వాళ్ళు దానికీ దారి చూపించారు కదన్నా. సెక్స్టుపోల్స్‌ని జంటలుగా పెట్టి, మధ్యలో బీమ్ ఊగే ఫేజ్ 180 డిగ్రీలకి బేసి గుణిజం అయ్యేలా చూశారు. ఒకటి తన్నిన తన్నుని రెండోది చాలావరకు రద్దు చేస్తుంది. అదే 844 మీటర్ల సొరంగంలో 4 నానోమీటర్ల నుంచి 133 పికోమీటర్లకు దిగారు. 2020 ఆగస్టు నుంచి యూజర్లకి ఇస్తున్నారు.

శనివారంషిఫ్ట్:
వాళ్ళు 133 దగ్గర ఆగారు. అందుకే పాత పద్ధతిలోనే, ఉన్న బీమ్‌కి పక్కనుంచి కొత్త బీమ్ కలుపుకోగలుగుతున్నారు. ఏపీఎస్‌లో ఆ చోటు లేదు. పాత బంచ్‌ని (ఎలక్ట్రాన్ల గుంపు) బయటికి తోసి, మొత్తం కొత్త బంచ్‌ని లోపలికి తెస్తారు. బిందెలో నీళ్ళు పోయడం కాదు, బిందెనే మార్చడం.

బూస్టర్‌బాబాయ్:
మీరిద్దరూ రింగ్ దగ్గరే కొట్టుకుంటున్నారు. బిందె మార్చాలంటే నిండు బిందె ఎవరో మోసుకురావాలిగా? ఇండస్-2కి బూస్టర్ (ఎనర్జీ పెంచి రింగ్‌కి బీమ్ అందించే చిన్న యంత్రం) నుంచి వచ్చేది 550 ఎంఈవీ (0.55 జీఈవీ) బీమే, రింగ్‌లో నింపాక మెల్లగా 2.5 జీఈవీకి లేపుతారు. మీరనే పద్ధతికి పూర్తి ఎనర్జీతో, పూర్తి ఛార్జ్‌తో బంచ్ ఇచ్చే ఇంజెక్టర్ కావాలి. ముందు దాని సంగతి తేల్చండి, తర్వాత పికోమీటర్లు.

పౌడర్‌డబ్బా:
యూజర్‌గా ఒక్క మాట. నా పౌడర్ శాంపిల్‌కి ఎమిటెన్స్ 42 పికోమీటర్లయినా 250 అయినా పెద్ద తేడా రాదు. ఇమేజింగ్ వాళ్ళు ఒప్పుకోరనుకోండి. కానీ మధ్యలో బీమ్ పోతే మాత్రం నాకొచ్చిన షిఫ్టే పోతుంది.

లాటిస్‌పిచ్చి:
సరే, బ్రెజిల్ సింక్రోట్రాన్ సిరియస్ దారి చూద్దామా? సెల్‌కి ఐదు డైపోల్స్, 518 మీటర్లు, 250 పికోమీటర్లు. వారంలో ట్రాకింగ్ చేసి పెడతాను.

శనివారంషిఫ్ట్:
ఎర్రర్లతో పెట్టు. సీడ్స్ పదీ ఇరవై కాదు, కనీసం వంద.