కంకషన్ తర్వాత తలనొప్పి తగ్గింది, కానీ జాగింగ్ చేస్తే గుండె దడ. ఎందుకు?

లెఫ్ట్‌వింగ్:
ఫుట్‌బాల్ ఆడతాను. హెడర్ (బంతిని తలతో కొట్టడం) కోసం ఎగిరినప్పుడు ఇంకో ప్లేయర్ తల వచ్చి నా కణతకి గట్టిగా తగిలింది. కంకషన్ (దెబ్బకి మెదడు అదిరి దాని పనితీరు కొన్నాళ్లు తడబడటం) అన్నారు, సీటీ స్కాన్ నార్మల్. ఇప్పుడు కూర్చుంటే ఏ ఇబ్బందీ లేదు, చదువుకోగలుగుతున్నాను. కానీ మెల్లగా జాగింగ్ మొదలుపెడితే చాలు, ఇదివరకు 130 దగ్గర ఉండే హార్ట్ రేట్ 155 దాటేస్తోంది, కాసేపటికి తల బరువెక్కి కళ్లు తిరుగుతున్నాయి. వాచీలో హెచ్‌ఆర్‌వీ (గుండె బీట్ల మధ్య వ్యవధిలో ఉండే తేడా) కూడా పడిపోయింది. దెబ్బ తలకి తగిలితే గుండెకి ఏమైంది? టీమ్‌లో అందరూ వచ్చెయ్ వచ్చెయ్ అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

ఫిజియో_ట్రాక్:
కంకషన్ తర్వాత ఇది చాలామందిలో కనిపించేదే. గుండె వేగాన్ని నడిపేది మెదడు కాండం నుంచి పనిచేసే అటానమిక్ నాడీవ్యవస్థ, అంటే మన ప్రమేయం లేకుండా తనంతట తాను నడిచేది. అందులో సింపథటిక్ భాగం వేగం పెంచుతుంది, వేగస్ నాడి తగ్గిస్తుంది. కంకషన్‌లో ఈ రెండింటి పొత్తు చెడుతుంది, వేగస్ పట్టు సడలితే చిన్న శ్రమకే గుండె పరుగెడుతుంది, ఒక్కో బీట్‌కీ మధ్య ఉండాల్సిన సహజమైన తేడా, అంటే మీ హెచ్‌ఆర్‌వీ, తగ్గుతుంది. దానికి తోడు వ్యాయామంలో మెదడుకి రక్తం ఎంత వెళ్లాలో సర్దే ఏర్పాటు కూడా తడబడుతుంది, తల బరువెక్కడానికి అదొక కారణం. సీటీలో ఇవేవీ కనపడవు, అది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి చూడటానికే. లక్షణాలు పోయాక కూడా లోపలి ఈ తేడాలు కొంతకాలం ఉండొచ్చు.

గోల్‌కీపర్‌_అక్క:
తమ్ముడూ, ముందు టీమ్ వాళ్ల మాట పక్కన పెట్టు. పూర్తిగా మానకముందే తలకి ఇంకో దెబ్బ తగిలితే ఎంత ప్రమాదమో వాళ్లకి తెలీదు. నాకు కంకషన్ అయినప్పుడు నన్ను ట్రెడ్‌మిల్ మీద నడిపించి, నిమిషానికోసారి ఏటవాలు పెంచుతూ, ఎక్కడ లక్షణాలు పెరిగాయో అక్కడ ఆపి ఆ హార్ట్ రేట్ రాసుకున్నారు. బఫెలో టెస్ట్ అంటారు. తర్వాత దానికి తక్కువలోనే రోజూ సైకిల్ తొక్కించారు. బోర్ కొట్టేది, కానీ ఆ అంకె మెల్లగా పైకి జరగడం కళ్లారా చూశాను.

లెఫ్ట్‌వింగ్:
అయితే పూర్తి రెస్ట్ అక్కర్లేదా అక్కా? చీకటి గదిలో పడుకోమన్నారు కొందరు.

ఫిజియో_ట్రాక్:
అది పాత సలహా. మొదటి 24 నుంచి 48 గంటలు తేలికగా ఉంటే చాలు, ఆ తర్వాత హద్దులో ఉండే ఏరోబిక్ వ్యాయామమే కోలుకోవడానికి సాయపడుతుంది. 2019లో వచ్చిన ఒక ట్రయల్‌లో అలా చేసిన టీనేజ్ ఆటగాళ్లు దాదాపు 13 రోజుల్లో కోలుకుంటే, స్ట్రెచింగ్ మాత్రమే చేసినవాళ్లకి 17 రోజులు పట్టింది. టెస్ట్‌లో మీ లక్షణాలు 150 దగ్గర పెరిగాయనుకోండి, అందులో 80 నుంచి 90 శాతం, అంటే 120–135 మధ్య రోజూ 20 నిమిషాలు. లక్షణాలకి మీరే పదికి ఇన్ని అని మార్కులు వేసుకుని, చేసేటప్పుడు అవి రెండు పాయింట్లకి మించి పెరిగితే ఆ రోజుకి ఆపేయండి. వాచీలో హెచ్‌ఆర్‌వీ చూసి మాత్రం మ్యాచ్‌కి వెళ్లకండి, నిద్ర తక్కువైనా, నీళ్లు తాగకపోయినా, టెన్షన్ పడినా అది పడిపోతుంది. చెస్ట్ స్ట్రాప్ కట్టుకుంటే హార్ట్ రేట్ ఇంకా సరిగ్గా వస్తుంది. హెడర్లు, ఢీకొనే డ్రిల్స్ డాక్టర్ ఓకే అన్నాకే.

గోల్‌కీపర్‌_అక్క:
ఇంకోటి, లేచి నిలబడగానే గుండె దడదడలాడి కళ్లు చీకట్లు కమ్ముతుంటే అదీ డాక్టర్‌కి చెప్పు, పడుకోబెట్టి, నిలబెట్టి పల్స్ చూస్తారు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతూ పోయినా, మత్తుగా ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపో.