ఫిన్లాండ్ సంప్రదాయ వేటకత్తి కొనాలా, వద్దా?

ఉత్తరగాలి (ఔలు, ఫిన్లాండ్):

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఔలుకు వచ్చి నాకిది నాలుగో ఏడు. నిరుడు అక్టోబరులో మా ఆఫీసులో ఒక పెద్దాయన, తమ వేట బృందం కొట్టిన మూస్‌ను (పెద్ద జాతి దుప్పిని) కోసి వాటాలు వేసుకునే రోజున నన్ను కూడా వాళ్ల షెడ్డుకు తీసుకువెళ్లారు. ఎద్దుకన్నా ఎత్తయిన ఆ జంతువు తోలును ఆయన పిడితో కలిపి జానెడుండే కత్తితో, ఎక్కడా బలం పెట్టకుండా, చొక్కా విప్పినంత తేలికగా ఒలిచేశారు. అప్పటినుంచి నా మనసు ఆ కత్తి మీదే ఉంది. దాని ఫిన్నిష్ పేరును తెలుగులో రాస్తే చదివేవారికి ఇబ్బందిగా ఉంటుంది కనుక ఇక్కడ "ఫిన్ కత్తి" అనే రాస్తాను, తెలిసినవారికి తెలుస్తుంది.

ఇక్కడికి దగ్గర్లో ఒక కమ్మరి చేతితో చేసిన కత్తిని చూశాను. అలుగు 9.5 సెంటీమీటర్లు, కార్బన్ ఉక్కు, పిడి సుడులు తిరిగిన బిర్చ్ చెక్క, తోలు ఒర, ధర 140 యూరోలు. నాకు వేట లైసెన్సు లేదు, తీసుకునే ఆలోచనా లేదు. నేను చేసేదల్లా ఆగస్టు, సెప్టెంబరుల్లో అడవిలో పుట్టగొడుగులు ఏరడం, వేసవిలో గాలం వేయడం, చలికాలంలో మంటకు పుల్లలు చీల్చడం. ఆ డబ్బుతో వంటింటికి నాలుగు మంచి కత్తులు వస్తాయని మా ఆవిడ అంటోంది, ఆ మాటా కొట్టిపారేయలేను. నా అవసరానికి ఇది తగినదేనా? తుప్పు సంగతేమిటి? రెండేళ్లలో హైదరాబాదు తిరిగి వస్తే వెంట తెచ్చుకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కొలిమిపక్క (విశాఖపట్నం):

నేను టూల్ రూములో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి, ఫిన్లాండులో మా అమ్మాయి దగ్గర రెండు వేసవులు గడిపాను. కత్తి అందం గురించి మీకు చెప్పేవారు చాలామందే ఉంటారు కనుక, చేతికి తీసుకున్నప్పుడు ఏం చూడాలో నేను చెబుతాను.

మొదటిది పదును వాలు. ఈ కత్తికి వెన్ను నుంచి సగం దాకా అలుగు ఒకే మందంతో వచ్చి, అక్కడి నుంచి అంచు వరకు ఒకే ఒక చదును వాలుగా దిగుతుంది. మన వంటింటి కత్తులకుండే రెండో చిన్న వాలు దీనికి ఉండదు. అందువల్ల సాన పట్టేటప్పుడు కోణం కోసం తడుముకోనవసరం లేదు. ఆ వాలు మొత్తాన్ని తడిరాయి మీద ఆనించి నడిపితే కోణం దానంతటదే కుదురుతుంది. పదును పెట్టడం కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకన్నా సులువైన కత్తి లేదు. అయితే ఇండియాకు తెచ్చాక దీన్ని వీధిలో సైకిలు మీద వచ్చే సానవాడి చక్రానికి మాత్రం ఇవ్వకండి. పొడిగా తిరిగే చక్రం వేడికి అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిందన్నమాటే, ఆ తర్వాత ఎన్నిసార్లు నూరినా పదును నిలవదు.

రెండోది తోక, అంటే అలుగులో పిడి లోపలికి దిగే భాగం. అది చెక్క లోపల దాగి ఉంటుంది, బయటికి లోహం దాదాపు కనిపించదు. ఇది లోపమని కొందరు అనుకుంటారు కానీ, మైనస్ ఇరవైలో వట్టి చేత్తో ఇనుము పట్టుకుని చూసినవారికి ఆ కారణం వేరే చెప్పనక్కరలేదు. తోక పిడి చివరి దాకా వెళ్లి అక్కడ రివెట్టు కొట్టి ఉందా, లేక సగంలోనే ఆగి జిగురుతో నిలిచిందా అన్నది కమ్మరిని అడగండి. రెండో రకమైతే 140 యూరోలు ఎక్కువే.

కార్బన్ ఉక్కు తుప్పు పడుతుంది, సందేహం లేదు. కోసిన వెంటనే తుడిచి, ఆరబెట్టి, వాజెలిన్ పలచగా రాస్తే చాలు. ఉల్లిపాయ, నిమ్మకాయ కోస్తే అలుగు నల్లబడుతుంది. అది తుప్పు కాదు, రుద్ది పోగొట్టకండి. తడి కత్తిని తోలు ఒరలో పెట్టి మరిచిపోవడమే అసలు తప్పు.

చెరువుగట్టు (టాంపెరే, ఫిన్లాండ్):

పై పెద్దలు చెప్పిన వాటిలో ఒక్కటీ కాదనను, కానీ నా సలహా ఇప్పుడే కొనవద్దనే. మీరు చెప్పిన మూడు పనులకూ ఇంతకన్నా చవకైన, పనికి తగిన సాధనాలు ఉన్నాయి. పుట్టగొడుగులకు చివర బ్రష్షు ఉన్న చిన్న వంపు కత్తి ఇక్కడి సూపర్ మార్కెట్లలోనే దొరుకుతుంది. చేపను ముళ్లు తీసి పొరలుగా కోయడానికి పలచగా వంగే అలుగు కావాలి. వెన్ను మందంగా ఉండే ఫిన్ కత్తి చేప కండలోకి చీలికలా దూరుతుందే తప్ప జారుతూ పోదు. ఇక్కడి రొవానియెమి ఊళ్లో 1928లో మొదలైన మార్తీని కత్తుల సంస్థ పేరు మీరు వినే ఉంటారు. చేపలు కోసే కత్తుల్లో అంతటా పేరు పొందిన రపాలా కత్తులను చేసేది వాళ్లే. అంటే సంప్రదాయ కత్తికి పుట్టిల్లయిన ఈ దేశంలో కూడా చేపకు వేరే కత్తి వాడతారు. పుల్లలు చీల్చడానికి గొడ్డలి ఉంది. కత్తి వెన్ను మీద కట్టెతో కొట్టి మొద్దు చీల్చడం వీడియోల్లో చూడడానికి బాగుంటుంది గాని, సన్నటి తోక ఉన్న పిడికి అది మంచిది కాదు.

ఇంకొక సంగతి. ఈ కత్తికి పిడికీ అలుగుకూ మధ్య వేలికి అడ్డం ఉండదు. ఇది లాగి కోయడానికి చేసిన వస్తువు, పొడవడానికి కాదు. మొదటి వేసవిలో నేను పెర్చ్ చేప తల కోయబోయి, బంక చేతితో ముందుకు నెట్టాను. వేళ్లు జారి అలుగు మీదికి వెళ్లాయి; చూపుడువేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కత్తి కూడా నేను మోజుపడి, ఒక పర్యాటకుల దుకాణంలో కొన్నదే. పిడి చివర ఇత్తడి గుర్రం తల ఉన్న ఆ రకం కౌహవా ఊరి సొత్తు, అక్కడి అసలైనవి ముఖ్యులకు బహుమతులుగా ఇచ్చే స్థాయివి; నాకు అంటగట్టిన నకలు మాత్రం మొదటి చలికాలానికే పిడిలో గలగలలాడింది.

ముందుగా స్వీడన్ వారి మోరా కత్తి ఒకటి, ఇరవై యూరోల లోపు, తుప్పు పట్టని ఉక్కుతో కొనండి. పదును వాలు అదే రకం, రబ్బరు పిడికి చిన్న అడ్డం కూడా ఉంటుంది. ఒక శరత్కాలం దాన్ని వాడి, నూరి, మొద్దుబార్చి చూడండి. ఆ తర్వాత కూడా కమ్మరి కత్తే కావాలనిపిస్తే, ఏ పొడవు, ఎంత లావు పిడి కావాలో ఆయనకు మీరే చెప్పగలుగుతారు.

నియమావళి (హైదరాబాదు):

చట్టం వైపు నుంచి రెండు మాటలు. ఫిన్లాండులో కత్తి కొనడానికీ, ఇంట్లో ఉంచుకోవడానికీ అనుమతి అక్కరలేదు. కానీ అక్కడి 2003 నాటి శాంతిభద్రతల చట్టం ప్రకారం, పని గానీ తగిన కారణం గానీ లేకుండా బహిరంగ ప్రదేశంలో దాన్ని వెంట ఉంచుకోకూడదు. అడవికి వెళ్తున్నప్పుడు, చేపలకు వెళ్తున్నప్పుడు సరే. తిరిగి వస్తూ అదే నడుముకు కట్టుకుని సూపర్ మార్కెట్టులో దూరడం మాత్రం సరికాదు. బస్సులో ఉన్నంతసేపూ సంచి అడుగున పెట్టండి.

విమానంలో చేతి సామానులో వద్దు. యూరప్ విమానాశ్రయాల్లో 6 సెంటీమీటర్లు దాటిన అలుగును క్యాబిన్‌లోకి రానివ్వరు, మీది 9.5. ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, చెక్-ఇన్ పెట్టెలో వేయాలి. ఇక్కడ ఇండియాలో 2016 ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉండి, ఇంటిపనికో వ్యవసాయానికో ఉద్దేశించని కత్తులను ఆయుధాల కోవలో చేర్చారు. మీ కత్తి నాలుగు అంగుళాలు కూడా లేదు కనుక ఆ లెక్కలోకి రాదు. అలాగని నగరంలో జేబులో పెట్టుకు తిరగమని కాదు. ఇక వేట అంటారా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర ఆ కత్తికి ఆ పని లేదు. తెచ్చుకుంటే దసరాకు ఆయుధపూజలో పెట్టుకోవడానికి, మామిడికాయ చెక్కు తీయడానికి. రెండోదానికి మాత్రం తర్వాత తుడవడం మరవకండి.

ఉత్తరగాలి:

ముగ్గురికీ ధన్యవాదాలు. శనివారం కమ్మరి దగ్గరికి మళ్లీ వెళ్లి తోక గురించి అడిగాను. ఆయన ఏమీ మాట్లాడకుండా పిడి వెనుక వైపు తిప్పి, ఇత్తడి పలక మీద కొట్టిన రివెట్టు తల చూపించారు. తర్వాత చన్నీళ్లలో ముంచిన ఉన్ని చేతి తొడుగు ఇచ్చి, దాంతో పట్టుకుని ఒక కర్ర చెక్కమన్నారు. పది నిమిషాలకే నా బొటనవేలి మొదట్లో నొప్పి తెలిసింది. ఆ పిడి నా చేతికి లావు. చెరువుగట్టు గారు చెప్పింది ఇదేనేమో.

ఆయనకు తొందరేమీ లేదట. సన్నటి పిడితో వచ్చే ఆగస్టుకు చేసి పెడతానన్నారు, బయానా కూడా తీసుకోలేదు. దారిలో 17 యూరోలకు మోరా కత్తి కొన్నాను. ఇంటికి వచ్చి చేతికి ఇవ్వబోతే మా ఆవిడ పుచ్చుకోలేదు, కత్తి చేతికిస్తే గొడవలొస్తాయని బల్ల మీద పెట్టించి, అప్పుడు తీసుకుని టమాటా కోసి చూసి, "ఇది చాలదా?" అంది. కొలిమిపక్క గారూ, తడిరాయి వెయ్యి గ్రిట్ (గరుకు కొలత) ఒక్కటే తీసుకుంటే సరిపోతుందా, ఇంకా నునుపుది కూడా కావాలా?

కొలిమిపక్క:

వెయ్యి చాలు. నునుపు కోసం పాత తోలు బెల్టును చెక్క మీద బిగించి, అలుగును వెన్ను వైపుకు లాగుతూ ఇరవైసార్లు రుద్దండి. ఎదురు రుద్దితే తోలు తెగుతుంది.