ఇంట్లో చేసుకునే పండ్ల స్మూతీ మేలా, పండును కొరికి తినడమే మేలా?

ఉదయపు వంటిల్లు:
బడికి బయలుదేరే హడావిడిలో మా పిల్లలిద్దరికీ అరటిపండ్లు, ఖర్జూరాలు, పాలు కలిపి మిక్సీలో వేసి తలా ఒక గ్లాసు ఇస్తున్నాను. పంచదార ఒక్క చెంచా కూడా వేయను కాబట్టి బజారులో దొరికే మిల్క్‌షేక్ కంటే ఇది ఎంతో నయమని నా నమ్మకం. మా అత్తగారు మాత్రం, నిక్షేపంలాంటి పళ్ళున్న పిల్లలకు పండును పిప్పి చేసి తాగించడమేమిటని రోజూ అంటున్నారు. మిక్సీలో తిరిగితే పండులోని పీచు నిజంగానే పాడవుతుందా? ఆధారాలు తెలిసినవారు చెప్పగలరు.

నిమ్మచెట్టు:
మీ అత్తగారి మాటను తోసిపుచ్చలేము. 1977లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ప్రయోగం వెలువడింది. పదిమందికి ఒకసారి ఆపిల్ పండ్లను, ఒకసారి వాటి గుజ్జును, మరొకసారి రసాన్ని ఇచ్చారు. మూడింటిలోనూ పిండిపదార్థం 60 గ్రాములే ఉండేటట్టు చూశారు. పండ్లు తిన్నప్పుడు కలిగిన తృప్తి గుజ్జుతో తగ్గింది, రసంతో మరింత తగ్గింది. రక్తంలో గ్లూకోజు మూడు సందర్భాల్లోనూ దాదాపు ఒకే స్థాయికి పెరిగినా, గుజ్జుకూ రసానికీ ఇన్సులిన్ ఎక్కువగా విడుదలైంది. పైగా రసం పండ్లకంటే పదకొండు రెట్లు వేగంగా కడుపులోకి వెళ్ళిపోయింది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ పండ్లరసం, స్మూతీ రెండూ కలిపి రోజుకు 150 మిల్లీలీటర్లు దాటవద్దని చెప్పడం ఊరికే కాదు. మన ఇళ్ళలోని గ్లాసు అంతకంటే పెద్దదే.

గింజా గుజ్జూ:
నిమ్మచెట్టు గారూ, రసాన్నీ గుజ్జునూ ఒకే గాటన కట్టడం దగ్గరే నాకు అభ్యంతరం. జ్యూస్ దుకాణంలో బత్తాయిని పిండి వడగట్టినప్పుడు పిప్పితో పాటు పీచులో చాలా భాగం చెత్తబుట్టలోకి పోతుంది. ఇంట్లో మిక్సీ వేసి వడగట్టకుండా తాగితే పీచు సన్నగా తెగుతుందే తప్ప ఎక్కడికీ పోదు. 2022లో న్యూట్రియెంట్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకు ఆపిల్, బ్లాక్‌బెర్రీ (సన్నటి గింజలుండే నల్లని పండు) పండ్లను ఒకసారి ఉన్నవి ఉన్నట్టుగా, మరొకసారి మిక్సీలో వేసి ఇచ్చి చూస్తే, మిక్సీలో వేసినప్పుడే గ్లూకోజు తక్కువగా పెరిగింది. గింజలు నలిగి వాటిలోని పీచు, పాలీఫెనాల్స్ (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు), కొవ్వు బయటపడటమే అందుకు కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. కాబట్టి మిక్సీ తగిలిన పండంతా చక్కెర నీళ్ళేనన్న భయం అక్కర్లేదు.

నిమ్మచెట్టు:
బ్లాక్‌బెర్రీ మాట సరే. కానీ ఈ తల్లిగారు వేస్తున్నది అరటి, ఖర్జూరం. నలగడానికి అరటిలో చెప్పుకోదగ్గ గింజే లేదు, ఖర్జూరం గింజను మనమే తీసి పారేస్తాము. ఆ గింజల వాదం జామకు అన్వయిస్తుందేమో గానీ ఈ గ్లాసుకు అన్వయించదు. అసలు చిక్కు కొలతలో ఉంది. ఒక్కో గ్లాసుకు రెండు మధ్యరకం అరటిపండ్ల గుజ్జు 200 గ్రాములనుకుంటే అందులో చక్కెర సుమారు 24 గ్రాములు, నాలుగు ఖర్జూరాల్లో దాదాపు 20 గ్రాములు, గ్లాసెడు పాలలో సహజంగా ఉండేది మరో 10 గ్రాములు. పంచదార వేయలేదన్న తృప్తి మిగిలింది, చక్కెర 50 గ్రాములు దాటింది. అవే పండ్లను పళ్ళెంలో పెట్టి ఇస్తే ఒక్క పిల్లవాడు రెండు అరటిపండ్లూ నాలుగు ఖర్జూరాలూ తిని, ఆపైన పాలు కూడా తాగి లేస్తాడా?

గింజా గుజ్జూ:
కొలత విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే ఆ 50 గ్రాములనూ పంచదారతో సమానంగా చూడటం న్యాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో హద్దు పెట్టినది విడి చక్కెరలకు. అంటే విడిగా కలిపే పంచదార, తేనె, పాకాలు, పండ్లరసాల్లోని చక్కెరలకు. పాలలోని చక్కెర అందులోకి రాదు. మిక్సీలో నలిగిన పండు ఆ జాబితాలోకి వస్తుందని బ్రిటన్ వారు గట్టిగా లెక్కగడుతున్నారు గానీ, ఆ విషయంలో అందరిదీ ఒకే మాట కాదు. తేనె విషయంలో మాత్రం ఏ అనుమానమూ లేదు. ఆరోగ్యం కోసమని రెండు చెంచాల తేనె కలిపేవారు పంచదార కలుపుతున్నట్టే.

నేరేడుపండు:
అరటి గురించి ఒక సంగతి చేర్చాలి. కోసిన అరటి ముక్క నల్లబడటానికి కారణమైన ఎంజైమే, దానితో కలిపి తిప్పిన బెర్రీల వంటి ఇతర పండ్లలోని ఫ్లావనాల్స్ అనే మేలైన పాలీఫెనాల్స్‌నూ దెబ్బతీస్తుంది. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో అరటి కలిపిన స్మూతీ తాగినవారి రక్తంలో ఫ్లావనాల్స్, వాటిని గొట్టం మాత్రగా మింగినవారితో పోలిస్తే, 84 శాతం తక్కువగా కనిపించాయి. కాబట్టి బెర్రీల మేలు కోసం స్మూతీ చేసుకునేవారు చిక్కదనానికి అరటి బదులు పెరుగు వేసుకోవడం మంచిది. ఉత్త అరటీ పాలూ తాగేవారికి ఇది పట్టించుకోవలసిన విషయం కాదు. పచ్చి అనాసను పాలతో తిప్పి ఉంచితే చేదెక్కడం కూడా ఎంజైము పనే. పాలలోని ప్రోటీన్‌ను అది విరగగొడుతుంది.

ఉదయపు వంటిల్లు:
ఖర్జూరాలు రేపటి నుంచి మానేస్తాను. ఒక్కొక్కరికి ఒక అరటిపండు, అరకప్పు పెరుగు, ఒక చెంచా అవిసె గింజల పొడి చాలునా? చిన్న గిన్నెలో పోసి చెంచాతో తినిపిస్తే వేగం కూడా తగ్గుతుందని అనుకుంటున్నాను.

నిమ్మచెట్టు:
అది బాగుంటుంది, అమ్మా. అయినా వారానికి నాలుగు రోజులు జామనో బత్తాయినో కొరికి తిననివ్వండి. చిన్నప్పటి నుంచీ గుజ్జుకే అలవాటుపడిన పిల్లలు తర్వాత ముక్క పెడితే ముఖం తిప్పుకోవచ్చు.

పెద్దమ్మాయి:
చర్చ అంతా పిల్లల చుట్టూ తిరుగుతోంది. కట్టుడు పళ్ళతో జామకాయ కొరకలేని మా అమ్మకు స్మూతీ మానేస్తే దక్కేది నమిలే పండు కాదు, ఏ పండూ దక్కదు. ఆవిడకు మధుమేహం లేదు, ఆకలి తక్కువ, ఒళ్ళు తగ్గుతోంది. పండును కొరికి తింటేనే తృప్తి ఎక్కువన్న నిమ్మచెట్టు గారి వాదం ఆవిడ విషయంలో తిరగబడుతుంది. సులువుగా దిగే గ్లాసే మాకు కావాలి, అందులో ఖర్జూరం కూడా ఉంటుంది. పండిన జామను మిక్సీ వేశాక పళ్ళ సందుల్లో చిక్కే గింజలను మాత్రం వడగడుతున్నాను. అంతకంటే మెత్తగా నలిగే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.