కెమిస్ట్రీ మేజర్ రెండు కాలేజీల్లోనూ ఉంది, మైనర్ సంగతే తేలట్లేదు

మాది చీపురుపల్లి. చెల్లి ఇంటర్ బైపీసీ అయింది, డిగ్రీలో కెమిస్ట్రీ మేజర్, బోటనీ మైనర్ కావాలంటోంది. మేజర్ అంటే ప్రధానంగా చదివే సబ్జెక్టు, మైనర్ అంటే దానికి తోడుగా చదివేది. విజయనగరంలో ఒక కాలేజీ, శ్రీకాకుళంలో ఒకటి చూశాం. రెండింట్లోనూ అదే మేజర్, ఫీజులోనూ పెద్ద తేడా లేదు. దారి చూస్తే విజయనగరమే నయం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, అక్కడ దిగి మళ్లీ బస్సో ఆటోనో పట్టాలి.

చిక్కల్లా మైనర్ దగ్గరే. విజయనగరం కాలేజీకి ఫోన్ చేస్తే "పిల్లలు సరిపడా వస్తే పెడతాం" అన్నారు. ఎంతమంది అంటే జవాబు లేదు. శ్రీకాకుళం వాళ్లు ఉందన్నారు గానీ, ఇప్పుడు చదువుతున్న ఒకమ్మాయిని అడిగితే తనకి జువాలజీ ఇచ్చారట. వెబ్‌సైట్లలో మైనర్ల జాబితా ఉంది, టైంటేబుల్ లేదు. లెక్చరర్‌తో మాట్లాడదామని వెళ్తే అడ్మిషన్ల గుమాస్తా దగ్గరే ఆపేశారు.

వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలో తేల్చుకోవాలి. ఈ రెండు ఊళ్లలో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నవాళ్లూ, మీ కాలేజీలో బోటనీ మైనర్ కోరినవాళ్లకి నిజంగా క్లాసులు నడిపారా, లేక వేరే మైనర్‌లోకి మార్చేశారా?